డేటాబేస్ కనెక్ట్ కాకపోతే: కాదన్నది ఎవరో ముందు తేల్చుకోండి

ఒక కళాశాల కోసమో, చిన్న శిక్షణ సంస్థ కోసమో ఉబుంటు సర్వర్ మీద మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నారనుకోండి. ఫైళ్లన్నీ సరైన చోట పెట్టారు, వెబ్ పేజీలు అందించే అపాచీ నడుస్తోంది, బ్రౌజర్‌లో ఇన్‌స్టలేషన్ పేజీ కూడా తెరుచుకుంది. డేటాబేస్ హోస్టు, పేరు, యూజరు, పాస్‌వర్డు నింపి బటన్ నొక్కగానే డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదన్న సందేశం ఒకటి వచ్చి నిలబడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పని నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటి రోజుల్లో నేనూ అదే చేశాను. పాస్‌వర్డు మార్చి చూస్తారు, హోస్టు పేరు మార్చి చూస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, అప్పటికీ కుదరకపోతే డేటాబేస్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అరగంట గడిచేసరికి నాలుగు చోట్ల నాలుగు మార్పులు జరిగిపోయి, మొదట ఉన్న లోపం ఏదో, మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్నది ఏదో విడదీయలేని స్థితి వస్తుంది.

‘కనెక్షన్ కుదరలేదు’ అన్న ఒక్క వాక్యం వెనుక కనీసం అరడజను వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. వాటిని విడదీయడానికి ఒక ప్రశ్న వేసుకుంటే చాలా దూరం వెళ్లవచ్చు: కాదన్నది ఎవరు? డేటాబేస్ సర్వరే స్వయంగా ‘నిన్ను లోపలికి రానివ్వను’ అన్నదా, ఆపరేటింగ్ సిస్టమ్ ‘ఆ పోర్టులో (ఆ నెట్‌వర్కు తలుపు సంఖ్య దగ్గర) ఎవరూ లేరు’ అన్నదా, దారిలో ఉన్న ఫైర్‌వాల్ ఉలుకూ పలుకూ లేకుండా మింగేసిందా, లేక మూడుల్‌ను నడిపే పీహెచ్‌పీ అసలు గడప కూడా దాటలేదా? పాస్‌వర్డు తప్పని సర్వర్ చెప్పిందంటే సర్వర్ బతికే ఉన్నట్టు, దారి తెరిచే ఉన్నట్టు, పోర్టు సరైనదే అయినట్టు. అప్పుడు ఫైర్‌వాల్‌ను ముట్టుకోవడంలో అర్థం లేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌తో వచ్చే ‘మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ పింగ్’ అనే కమాండ్ కూడా ఈ లెక్కనే నడుస్తుంది: పాస్‌వర్డు తప్పై సర్వర్ తిరస్కరించినా, సర్వర్ నడుస్తున్నట్టే అది పరిగణిస్తుంది, ఎందుకంటే తిరస్కరించడానికైనా అక్కడ ఒకరు ఉండాలి కదా.

ముందుగా ఒక మాట. కమాండ్ల పేర్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటిని యథాప్రకారం ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే కొట్టాలి. ఉదాహరణలు చాలావరకు ఉబుంటు, మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన డేటాబేస్), పీహెచ్‌పీలవి. ఇలాగే డేటాబేస్ మీద నడిచే వర్డ్‌ప్రెస్‌కైనా, నెక్స్ట్‌క్లౌడ్‌కైనా, కోహాకైనా ఇదే వరుస పనికివస్తుంది.

అసలు సందేశాన్ని బయటికి రప్పించడం

వెబ్ పేజీలో కనిపించే సందేశం సందర్శకుల కోసం మెత్తబరచినది. యూజరు పేరు, హోస్టు పేరు దారిన పోయేవారికి తెలియకూడదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని దాచిపెడుతుంది. మనకు కావలసినది దాని వెనుక ఉన్న ఎర్రర్ సంఖ్య, దాని పక్కన ఉన్న ఇంగ్లీషు వాక్యం. మూడుల్‌లో కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ ఫైలు అప్పటికే తయారై ఉంటే, అందులో చివరి రిక్వైర్ వాక్యానికి పైన డీబగ్ విలువను 32767గానూ, డీబగ్‌డిస్‌ప్లే విలువను 1గానూ పెడితే పూర్తి వివరం తెర మీదికి వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో డబ్ల్యూపీ అండర్‌స్కోర్ డీబగ్‌ను ట్రూ చేయాలి. అది కూడా ఇష్టం లేకపోతే వార్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డర్‌లో అపాచీ2 కింద ఎర్రర్ లాగ్ ఉంటుంది. దాని చివరి ఇరవై వరుసలు చదవండి.

అంతకంటే నమ్మకమైన పద్ధతి ఏమిటంటే, సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి, దానికి ఇచ్చిన వివరాలనే తీసుకుని మనమే టెర్మినల్ నుంచి కనెక్ట్ కావడం. మైఎస్‌క్యూఎల్ క్లయింటుకు హెచ్ ఆప్షన్‌తో హోస్టును, యూ ఆప్షన్‌తో యూజరును, పీ ఆప్షన్‌తో పాస్‌వర్డు అడగమన్న సూచనను, చివరన డేటాబేస్ పేరును ఇవ్వాలి. ఇక్కడ ‘దానికి ఇచ్చిన వివరాలనే’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. సూడోతో రూట్‌గా, అంటే సర్వాధికారిగా, లోపలికి వెళ్లి ‘డేటాబేస్ బాగానే ఉంది కదా’ అనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. రూట్ లోపలికి వెళ్లగలగడం మూడుల్ యూజరు గురించి ఏమీ చెప్పదు.

టెర్మినల్ నుంచి కనెక్షన్ కుదిరి, వెబ్ పేజీ నుంచి మాత్రం కుదరకపోతే లోపం పీహెచ్‌పీ వైపు ఉన్నట్టు. అక్కడా ఇక్కడా కుదరకపోతే అది డేటాబేస్ వైపుదో, దారిదో. వెతకవలసిన చోటు ఈ ఒక్క పరీక్షతో సగం అవుతుంది.

సర్వర్ పలకనే పలకనప్పుడు

మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఇచ్చే ఎర్రర్ సంఖ్య 2002 లేదా 2003 అయితే సర్వర్‌తో సంభాషణ మొదలే కాలేదని అర్థం. ఈ సందేశాల చివర బ్రాకెట్లలో ఇంకో చిన్న సంఖ్య ఉంటుంది. నిజానికి అసలు కబురు దానిలోనే ఉంది. అది లినక్స్ చెప్పిన మాట. 2 అంటే ఆ సాకెట్ ఫైలే (ఒకే యంత్రంలోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ప్రత్యేక ఫైలు) లేదు. 13 అంటే ఫైలు ఉంది కానీ దానిని తాకే అనుమతి లేదు. 111 అంటే ఆ యంత్రం దాకా వెళ్లాం కానీ ఆ పోర్టులో వినేవారు లేరు. 110 అంటే ఎదురు చూసి చూసి సమయం అయిపోయింది. పీహెచ్‌పీ మాత్రం వీటన్నిటికీ 2002నే చూపి, పక్కన కారణాన్ని మాటల్లో రాస్తుంది, కాబట్టి పీహెచ్‌పీ లాగ్ చదివేటప్పుడు సంఖ్యను వదిలి మాటలను చూడండి.

111కూ 110కీ మధ్య తేడాను గడియారం కూడా చెబుతుంది. బటన్ నొక్కీ నొక్కగానే తిరస్కారం వచ్చిందంటే అవతలి యంత్రం బతికే ఉంది, ఆ పోర్టులో ప్రోగ్రామ్ లేదు. అర నిమిషమో, ఇంకా ఎక్కువో పేజీ తిరుగుతూనే ఉండి తర్వాత విఫలమైందంటే మధ్యలో ఎవరో ప్యాకెట్లను జవాబు ఇవ్వకుండా పారేస్తున్నారు. క్లౌడ్‌లో డేటాబేస్ వేరే యంత్రం మీద ఉంటే ఈ రెండో రకం ఎక్కువగా ఎదురవుతుంది. అమెజాన్‌లో సెక్యూరిటీ గ్రూపు అనే నియమావళిలో వెబ్ సర్వర్ నుంచి మైఎస్‌క్యూఎల్ వినే 3306 పోర్టుకు అనుమతి ఇవ్వకపోవడమే సాధారణంగా కారణం అవుతుంది.

ఒకే యంత్రం మీద రెండూ ఉంటే మొదట చూడవలసినది సర్వీసు నడుస్తోందా లేదా అన్నది. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మరియాడీబీ’ అని కొడితే యాక్టివ్ అనో ఫెయిల్డ్ అనో చెబుతుంది. ఫెయిల్డ్ అని ఉంటే వెంటనే రీస్టార్ట్ చేయాలన్న తొందరను ఆపుకుని, ‘జర్నల్‌సీటీఎల్’తో ఆ సర్వీసు చివరి యాభై వరుసలు చదవండి. నా అనుభవంలో రెండే కారణాలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒకటి డిస్కు నిండిపోవడం. ‘డీఎఫ్ హైఫన్ హెచ్’ అని కొట్టి చూస్తే రూట్ పార్టిషన్ ఎదురుగా 100 శాతం అని ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి బైనరీ లాగ్ (డేటాలో జరిగిన మార్పుల చిట్టా) తనంతట తానే నమోదవుతూ, మామూలుగా 30 రోజుల దాకా నిలవ ఉంటుంది. చిన్న డిస్కు ఉన్న సర్వర్‌కు అది బరువే. ఖాళీ చేయాలనుకుంటే పర్జ్ బైనరీ లాగ్స్ అనే ఎస్‌క్యూఎల్ వాక్యంతో చేయాలి. సర్వరే లేవని స్థితిలో ఆ వాక్యం ఇవ్వలేరు కాబట్టి, ముందు పాత వెబ్ లాగులో, బ్యాకప్ జిప్ ఫైళ్లో తీసి కొంత చోటు చేసి సర్వర్‌ను లేపండి. డేటాబేస్ ఫోల్డర్‌లోకి వెళ్లి పెద్దగా కనిపించిన ఫైలునల్లా తుడిచేయవద్దు. ఐబీడేటా1 అనే ఫైలు ‘అనవసరంగా పెద్దగా ఉంది’ అని తీసేసినవారికి ఆ తర్వాత బ్యాకప్ తప్ప దిక్కు ఉండదు.

రెండోది మెమరీ చాలకపోవడం. ఒక్క జీబీ ర్యామ్ ఉన్న చవక సర్వర్ మీద అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ మూడూ కలిసి కూర్చుంటే, ఒత్తిడి పెరిగిన క్షణంలో లినక్స్ కెర్నల్ ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను చంపేస్తుంది. చాలాసార్లు అది డేటాబేసే అవుతుంది. ‘డీమెస్‌జీ’ కమాండ్ ఇచ్చి చూస్తే అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట, దాని పక్కన చంపబడిన ప్రాసెస్ పేరు కనిపిస్తాయి. ఇన్‌స్టలేషన్ సగం దాకా సాగి, పట్టికలు సృష్టిస్తుండగా ఉన్నట్టుండి కనెక్షన్ పోతే నేను మొదట అనుమానించేది దీనినే. ర్యామ్ చాలనప్పుడు డిస్కులో చోటు వాడుకునేలా ఒకటి రెండు జీబీల స్వాప్ ఫైలు ఏర్పాటు చేస్తే ఆ గండం గడుస్తుంది, కానీ ర్యామ్ పెంచుకోవడమే సరైన మందు.

లోకల్‌హోస్ట్ అన్న మాటలో ఉన్న మెలిక

మైఎస్‌క్యూఎల్ కుటుంబంలో లోకల్‌హోస్ట్, 127.0.0.1 ఒకటి కావన్న సంగతి తెలియక పోగొట్టుకున్న గంటలను లెక్కవేస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. లినక్స్ మీద హోస్టు స్థానంలో లోకల్‌హోస్ట్ అని రాస్తే పీహెచ్‌పీ నెట్‌వర్కు జోలికే వెళ్లదు. యూనిక్స్ సాకెట్ అనే ప్రత్యేకమైన ఫైలు ద్వారా వెళుతుంది. 127.0.0.1 అని రాస్తే, అది అదే యంత్రమైనా, టీసీపీ దారిలో 3306 పోర్టుకు వెళుతుంది. ఉబుంటులో ఆ సాకెట్ ఫైలు రన్ డైరెక్టరీలోని మైఎస్‌క్యూఎల్‌డీ ఫోల్డర్‌లో ఉంటుంది. ఆల్మాలినక్స్ వంటి రెడ్‌హ్యాట్ కుటుంబంలో వార్ కింద లిబ్‌లోని మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఉంటుంది. లినక్స్ మీద ఎక్స్‌ఏఎమ్‌పీపీ (అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిసి వచ్చే మూట) వేసుకుంటే ఇంకెక్కడో ఆప్ట్ కింద ఉంటుంది. పీహెచ్‌పీ ఒక చోట వెతుకుతూ, డేటాబేస్ ఇంకో చోట ఫైలు పెట్టి కూర్చుంటే, రెండూ ఆరోగ్యంగానే ఉన్నా ‘అలాంటి ఫైలు లేదు’ అన్న జవాబే వస్తుంది.

ఇది తేల్చుకోవడానికి హోస్టును లోకల్‌హోస్ట్ నుంచి 127.0.0.1కి మార్చి ఒక్కసారి ప్రయత్నించండి. పని జరిగితే సాకెట్ దారి తప్పుగా ఉందని తేలిపోయింది. అలాగే వదిలేసినా నష్టం లేదు. చక్కబెట్టాలనుకుంటే పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఫైలులో మైఎస్‌క్యూఎల్‌ఐ డిఫాల్ట్ సాకెట్ విలువను సరిచేయవచ్చు, లేదా మూడుల్ కాన్ఫిగ్‌లోని డీబీఆప్షన్స్ కింద డీబీసాకెట్‌కు సరైన దారి ఇవ్వవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. డేటాబేస్‌ను 3307 పోర్టులో నడుపుతూ, హోస్టుగా లోకల్‌హోస్ట్ అని ఇచ్చి, పోర్టు 3307 అని నింపితే పీహెచ్‌పీ ఆ పోర్టును లెక్క చేయదు, ఎందుకంటే సాకెట్‌కు పోర్టుతో పనే లేదు. పోర్టు మార్చినవారు హోస్టును అంకెలలోనే ఇవ్వాలి.

ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి డబ్బాలలో నడిపే డాకర్‌లో ఈ మాట ఇంకా మోసం చేస్తుంది. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే తప్ప మీ లాప్‌టాపూ కాదు, పక్కన ఉన్న డేటాబేస్ కంటైనరూ కాదు. కంటైనర్ల అమరిక రాసే కంపోజ్ ఫైలులో డేటాబేస్ సర్వీసుకు మీరు ఏ పేరు పెట్టారో హోస్టుగా ఆ పేరే ఇవ్వాలి. డిపెండ్స్ ఆన్ అని రాసినంత మాత్రాన డేటాబేస్ సిద్ధమయ్యేదాకా అప్లికేషన్ ఆగదు, కంటైనర్ మొదలైతే చాలు ముందుకు సాగిపోతుంది. హెల్త్‌చెక్ పెట్టి, అది ఆరోగ్యంగా ఉంటేనే మొదలుకావాలన్న షరతు రాయాలి. ఇక డాకర్‌లో పాస్‌వర్డు మార్చినా మారలేదని వాపోయేవారు ఒక విషయం గమనించాలి: మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డ్ వంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు డేటా వాల్యూమ్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే పనిచేస్తాయి. వాల్యూమ్‌లో పాత డేటాబేస్ ఉన్నంత కాలం పాత పాస్‌వర్డే రాజ్యం చేస్తుంది.

సర్వర్ పలికి, కాదన్నప్పుడు

1045 సంఖ్యతో యాక్సెస్ డినైడ్ వచ్చిందంటే ఒక రకంగా ఊపిరి పీల్చుకోవచ్చు, దారి అంతా బాగుంది. ఇక మిగిలినది గుర్తింపు మాత్రమే. ఈ సందేశాన్ని అక్షరం అక్షరం చదవాలి, ఎందుకంటే అందులో మూడు విడివిడి సమాచారాలు ఉన్నాయి: యూజరు పేరు, ఎట్ గుర్తు తర్వాత హోస్టు, బ్రాకెట్లలో పాస్‌వర్డు వాడారా లేదా అన్న యెస్ లేదా నో.

ఒకసారి ఒక డిగ్రీ కళాశాలలో మూడుల్ ఎక్కిస్తున్న కుర్రవాళ్లు ఉదయం నుంచి ఇదే సందేశం చూస్తూ, మూడుసార్లు పాస్‌వర్డు మార్చి, చివరికి ‘మరియాడీబీయే పాడైంది సార్’ అని నిర్ణయానికి వచ్చారు. నేను వెళ్లి లాగ్ తెరిస్తే వరుస చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్: నో’ అని ఉంది. అంటే పాస్‌వర్డు తప్పు కావడం కాదు, అసలు పంపనే లేదు. కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూపించమంటే అందులో పాస్‌వర్డు నిక్షేపంగా ఉంది. అప్పుడు అపాచీ సైట్ ఫైలు తెరిచి డాక్యుమెంట్ రూట్ ఎక్కడికి చూపిస్తోందో చూశాం. హెచ్‌టీఎమ్‌ఎల్ ఫోల్డర్ లోపల ఒక మూడుల్, బయట ఇంకో మూడుల్ ఉన్నాయి. వాళ్లు ఒకదానిని దిద్దుతూ వచ్చారు, అపాచీ రెండోదానిని నడుపుతోంది, ఆ రెండోదాని కాన్ఫిగ్‌లో పాస్‌వర్డు స్థానం ఖాళీ. ఆ ‘నో’ను ఉదయమే చదివి ఉంటే పది నిమిషాల పని.

‘యెస్’ అని ఉంటే పాస్‌వర్డు వెళ్లింది, కానీ సరిపోలలేదు. యూజరు పేరు తప్పైనా, పాస్‌వర్డు తప్పైనా సర్వర్ ఇచ్చే జవాబు ఒక్కటే. ఏ పేర్లు ఉన్నాయో బయటివారికి తెలియకుండా ఉండేందుకు అలా చేస్తారు. పాస్‌వర్డు సరైనదేనని మీరు ప్రమాణం చేయగలిగినా, ఫైలు నుంచి బయటికి వచ్చేసరికి అది మారిపోయి ఉండవచ్చు. పీహెచ్‌పీలో జంట కొటేషన్ గుర్తుల మధ్య డాలర్ గుర్తు వస్తే, దాని వెనుక ఉన్న అక్షరాలను పీహెచ్‌పీ ఒక వేరియబుల్ పేరుగా తీసుకుని, అలాంటి వేరియబుల్ లేదు కాబట్టి ఖాళీతో నింపుతుంది. అందుకే పాస్‌వర్డును ఎప్పుడూ ఒంటి కొటేషన్‌లో పెట్టాలి. సెట్టింగులు రాసే ఎన్‌వీ ఫైళ్లలో హ్యాష్ గుర్తు నుంచి మిగిలినదంతా వ్యాఖ్యగా పోవచ్చు. వాట్సాప్ సందేశం నుంచి కాపీ చేస్తే చివర ఒక ఖాళీ అంటుకుని రావచ్చు, వర్డ్ డాక్యుమెంట్ నుంచి తెస్తే నిలువు కొటేషన్ వంకర కొటేషన్‌గా మారి ఉండవచ్చు. అనుమానం తీర్చుకోవడానికి నేను చేసే చిన్న పని ఏమిటంటే, పాస్‌వర్డును కాకుండా దాని పొడవును అచ్చు వేయించడం. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డు పెట్టి, తెర మీద 9 అని కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఎట్ గుర్తు తర్వాత ఉన్న హోస్టు మరీ ముఖ్యమైనది. అది మీరు వెళ్లాలనుకున్న సర్వర్ పేరు కాదు, మీరు ఎక్కడి నుంచి వచ్చారని సర్వర్ అనుకుంటోందో ఆ చిరునామా. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే యూజరు పేరు, హోస్టు కలిసిన జంట. మూడుల్‌యూజర్ అన్న పేరును లోకల్‌హోస్ట్‌తో కలిపి సృష్టించి, వెబ్ సర్వర్‌ను వేరే యంత్రం మీద పెట్టారంటే, వచ్చే మనిషి సర్వర్ దృష్టిలో వేరే మనిషి. రూట్‌గా లోపలికి వెళ్లి మైఎస్‌క్యూఎల్ డాట్ యూజర్ పట్టిక నుంచి యూజర్, హోస్ట్, ప్లగిన్ మూడు నిలువు వరుసలు తెప్పించి చూస్తే ఏ జంటలు ఉన్నాయో తెలుస్తుంది. ఎర్రర్‌లో కనిపించిన హోస్టుకు సరిపోయే జంట లేకపోతే దానిని సృష్టించాలి. శాతం గుర్తు పెట్టి ఎక్కడి నుంచైనా రానివ్వడం సులభమే, కానీ ఆ పని చేసి, పైగా సర్వర్ ఏ చిరునామాలో వినాలో చెప్పే బైండ్ అడ్రస్‌ను 0.0.0.0 (అంటే అన్ని చిరునామాలూ) చేసి, 3306ను ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన సర్వర్‌కు కాపలా ఎవరూ కాయలేరు. వెబ్ సర్వర్ చిరునామా ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. ఆ హోస్టుకు ఏ ఖాతా లేకపోతే ఒక్కోసారి 1130 అనే సంఖ్య వస్తుంది. దాని అర్థమూ ఇదే.

1698 సంఖ్య వచ్చిందంటే మీరు కాన్ఫిగ్‌లో రూట్‌ను పెట్టి ఉంటారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలోనో, ఇంట్లో విండోస్ మీదో ఎక్స్‌ఏఎమ్‌పీపీతో నేర్చుకున్నవారికి రూట్, ఖాళీ పాస్‌వర్డు అలవాటై ఉంటుంది. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ గానీ, 10.4 నుంచి మరియాడీబీ గానీ రూట్ ఖాతాను ఆపరేటింగ్ సిస్టమ్ రూట్‌తో ముడిపెడతాయి. అపాచీ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజరు కింద కాబట్టి దానికి ఆ తలుపు తెరుచుకోదు. రూట్‌కు పాస్‌వర్డు పెట్టి నెట్టుకురావడం కంటే అప్లికేషన్‌కు ప్రత్యేక యూజరును సృష్టించడమే సరైన పని. సృష్టించేటప్పుడు క్రియేట్ యూజర్ ఒక వాక్యం, గ్రాంట్ ఇంకో వాక్యం. పాత పాఠాలలో కనిపించే, గ్రాంట్ వాక్యంలోనే పాస్‌వర్డు ఇచ్చే పద్ధతి మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి చెల్లదు. ఫ్లష్ ప్రివిలేజెస్ అని ప్రతిసారీ రాయడం కూడా ఒక ఆచారంగా మిగిలిపోయింది. పట్టికలను నేరుగా దిద్దితే తప్ప దాని అవసరం లేదు.

1044, 1049 చిన్నవి. మొదటిది ఆ డేటాబేస్ మీద హక్కు లేదని, రెండోది ఆ పేరుతో డేటాబేస్ లేదని. సీప్యానెల్ అనే నిర్వహణ పేజీ ఉన్న షేర్డ్ హోస్టింగ్‌లో డేటాబేస్ పేరుకూ యూజరు పేరుకూ ముందు ఖాతా పేరు, అండర్‌స్కోర్ సాధారణంగా చేరతాయి. ఆ పూర్తి పేరే కాన్ఫిగ్‌లో ఇవ్వాలి. అక్కడ యూజరును సృష్టించడం, డేటాబేస్‌కు చేర్చడం రెండు వేర్వేరు మెట్లని కూడా గుర్తుంచుకోండి. డేటాబేస్ సృష్టించేటప్పుడు క్యారెక్టర్ సెట్‌గా యూటీఎఫ్8ఎమ్‌బీ4 ఇవ్వండి. కనెక్షన్‌కు దీనితో సంబంధం లేదు గానీ, లాటిన్1లో పుట్టిన డేటాబేస్‌లో తెలుగు పాఠ్యాంశం పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాక దిద్దుకోవడం ఎవరికీ సరదా కాదు.

పీహెచ్‌పీ గడప దాటనప్పుడు

టెర్మినల్ నుంచి అంతా పనిచేస్తూ వెబ్ నుంచి పనిచేయకపోతే, మొదట పీహెచ్‌పీకి డ్రైవర్ ఉందో లేదో చూడాలి. మైఎస్‌క్యూఎల్‌ఐ కనెక్ట్ అనే ఫంక్షన్ తెలియదనో, డ్రైవర్ దొరకలేదనో లాగ్‌లో ఉంటే పీహెచ్‌పీ-మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ వేయలేదన్నమాట. ఒకే యంత్రం మీద పీహెచ్‌పీ 8.1, 8.3 రెండూ ఉంటే ప్రతి వెర్షన్‌కూ దాని ప్యాకేజీ విడిగా కావాలి. ‘పీహెచ్‌పీ హైఫన్ ఎమ్’ అని కొట్టి జాబితాలో డ్రైవర్ కనిపించిందని సంతోషించవద్దు. అది టెర్మినల్ పీహెచ్‌పీ సంగతి, అపాచీ వాడేది వేరే వెర్షన్ కావచ్చు. ప్యాకేజీ వేశాక అపాచీనో, పీహెచ్‌పీని విడిగా నడిపే ఎఫ్‌పీఎమ్‌నో రీస్టార్ట్ చేయడం మరవకండి.

కాషింగ్ షా2 పాస్‌వర్డ్ అన్న పేరు ఎర్రర్‌లో కనిపిస్తే అది పాత పీహెచ్‌పీకీ, కొత్త మైఎస్‌క్యూఎల్‌కూ పడని గొడవ. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డు సరిచూసే పద్ధతిని మార్చింది, పీహెచ్‌పీ 7.4 నుంచి ఆ పద్ధతి పూర్తిగా అర్థమవుతుంది. యూజరును పాత నేటివ్ పద్ధతికి మార్చమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. నేను ఆ సలహా ఇవ్వను: 8.4లో ఆ పద్ధతి మామూలుగా ఆపివేసి ఉంటుంది, 9.0లో అసలు లేదు. పీహెచ్‌పీనే పెంచుకోండి.

మూడుల్‌లో డేటాబేస్ రకం కూడా సరిపోవాలి. మీరు మైఎస్‌క్యూఎల్ వేశాననుకుంటున్నా, డెబియన్ 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి దాని స్థానంలో మరియాడీబీనే ఇస్తోంది. సెలెక్ట్ వెర్షన్ అని అడిగి చూసి, మరియాడీబీ అని వస్తే కాన్ఫిగ్‌లో డీబీటైప్ విలువను మైఎస్‌క్యూఎల్‌ఐ నుంచి మరియాడీబీకి మార్చండి. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ మీద ఎస్‌ఈలినక్స్ అనే కాపలాదారు ఒకడు ఉన్నాడు. టెర్మినల్ నుంచి వేరే యంత్రం మీది డేటాబేస్‌కు వెళ్లగలిగినా, వెబ్ సర్వర్‌ను మాత్రం ఆపి 13 అనే సంఖ్య చూపిస్తాడు. ‘సెట్‌ఎస్‌ఈబూల్’ కమాండ్‌తో హెచ్‌టీటీపీడీ డేటాబేస్ కనెక్షన్ అనుమతిని శాశ్వతంగా ఆన్ చేస్తే సరిపోతుంది. ఎస్‌ఈలినక్స్‌నే పూర్తిగా ఆపేయడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడం.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవారికి రెండు మాటలు. అక్కడ పోర్టు 5432. ‘పీర్ అథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వస్తే సాకెట్ దారిలో వెళ్లినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ యూజరు పేరూ, డేటాబేస్ యూజరు పేరూ ఒకటి కావాలని సర్వర్ పట్టుబడుతోందని అర్థం, హోస్టుగా 127.0.0.1 ఇస్తే పాస్‌వర్డు దారిలో వెళుతుంది. అనుమతులన్నీ పీజీ హెచ్‌బీఏ కాన్ఫ్ అనే ఫైలులో ఉంటాయి. దానిని పై నుంచి కిందికి చదువుతూ మొదట సరిపోయిన వరుస దగ్గరే సర్వర్ ఆగిపోతుంది, అది కుదరకపోయినా తర్వాతి వరుసను చూడదు. కాబట్టి కొత్త వరుసను అడుగున చేర్చి ‘పనిచేయలేదు’ అనుకునే ముందు, దానిపైన దారి మళ్లించే వరుస ఏదైనా ఉందేమో చూడండి.

కుదిరిన తర్వాత

ఇన్‌స్టలేషన్ అయిపోయి, పదిమంది లోపలికి వచ్చాక మళ్లీ కనెక్షన్ పోతే అది వేరే కథ. 1040 అంటే ఒకేసారి ఉండగల కనెక్షన్ల పరిమితి దాటింది; మామూలుగా అది 151. పరీక్ష రోజున పిల్లలంతా ఒకేసారి లాగిన్ అయినప్పుడు ఇది కనిపిస్తుంది. పరిమితిని పెంచే ముందు ర్యామ్ ఎంత ఉందో చూసుకోండి, లేకపోతే మొదట చెప్పిన మెమరీ గండానికే తిరిగి వస్తారు.

ఇక దారిలో మనం వదిలిన గుర్తులను తుడిచేయాలి. పాస్‌వర్డు రాసి పెట్టిన పరీక్ష ఫైలు ఏదైనా వెబ్ ఫోల్డర్‌లో ఉంటే తీసేయండి. డీబగ్ విలువలను వెనక్కి పెట్టండి. పరీక్ష కోసం ఫైర్‌వాల్ ఆపి ఉంటే మళ్లీ ఆన్ చేసి, ఆ తర్వాత కూడా కనెక్షన్ కుదురుతోందా అని చూడండి. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ మరియాడీబీ’ అని ఇచ్చి, ఎవరూ వాడని వేళ చూసుకుని సర్వర్‌ను ఒక్కసారి పూర్తిగా రీబూట్ చేయండి; కరెంటు పోయి వచ్చిన తెల్లవారి డేటాబేస్ తనంతట తాను లేవలేదన్న ఫోను రాకుండా ఉండాలంటే ఆ పరీక్ష ఇవాళే కావాలి.